బండి విప్పే చోటు

అనంతపురపు పీఠభూమిలో పుట్టి పెరిగినవానికి పచ్చదనము ఒక కంటి ఆకలి. ఏడాదికి ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వాన, అదియు వేరుసెనగ ఊడలు దిగువేళ మొగము చాటువేసి, పెరికి కుప్పలు వేసిన వేళ వచ్చి తడిపిపోవు వాన, మాకు రాసిపెట్టియున్నది. దేశమంతటిలో అతి తక్కువ వాన పడు జిల్లాలలో మాది ఒకటని బడిలో చదువుకొన్నదానికంటె ముందే ఇంటిలో విన్నవారము. అట్టివారము దసరా సెలవులలోనో, సంక్రాంతి వెళ్లినాకనో, పిల్లలను పెద్దలను బండిలో కూర్చుండబెట్టుకొని నంద్యాల దాటి నల్లమల గట్టెక్కునప్పుడు, దారికి ఇరువైపుల ఆకు కనబడగానే మనస్సు కరగి, ఎక్కడ నీడ దట్టముగా నుండునో, ఎక్కడ ఏటి సవ్వడి వినబడునో అక్కడనే దిగుదమని తొందరపడుట సహజము. ఆ తొందరయే కుటుంబముతో అడవికి పోవువారిని అన్నిటికంటె ఎక్కువగా బాధపెట్టుచున్నది. పగటి కంటికి నచ్చిన చోట మనము గడపవలసినది రాత్రి. ఆ రాత్రిని గడపవలసినవారిలో డెబ్బది యేండ్ల మోకాళ్లును ఉండును, రెండేండ్ల నిద్రయు ఉండును. ఇంటిలో అందరికంటె ముసలివారి కాళ్లతో నడచి, అందరికంటె పసివారి ప్రక్కన పడుకొని చూచిన తరువాతనే అడవిలో విడిది ఎంచుకొనవలెనని ఈ అధ్యాయములో చెప్పదలచినాను.

ఈ విద్య మనకు కొత్తది కాదు. నా చిన్నతనమున కదిరి తిరునాళ్లకు, నరసింహస్వామి తేరు చూచుటకు, గూడుబండి కట్టుకొని పోయెడివారము. బండిలో బొంతలు, సద్దిమూట, నీళ్ల కుండ, వెనుక ఎద్దులకు వేరుసెనగ కట్టె. ఈనాడు చక్రాల మీది ఇల్లని గొప్పగా చెప్పుకొను క్యారవానులో ఏమేమి ఉండునో, దాని కనీస రూపమంతయు ఆ గూటిక్రింద నుండెడిది. పొద్దు ఇంకను బారెడు ఉండగనే మా తాత బండి విప్పే చోటు వెదకుట మొదలుపెట్టెడివాడు. చీకటి పడినాక వెదకువాడు దొరికిన చోట పడుకొనవలసినదే గాని ఎంచుకొన్న చోట పడుకొనలేడని ఆయన మతము. ముందు తానొక్కడే దిగి, చెప్పులు విడిచి, మడమతో నేలను పొడిచి చూచెడివాడు. గరుసునేల యైనచో మడమ నిలిచిపోవును. రేగడి యైనచో దిగబడును, అట్టిచోట రాత్రి నాలుగు చినుకులు పడినను తెల్లవారునప్పటికి బండి ఇరుసుదాక కూరుకొనిపోవును. పిమ్మట వంక గట్టుకు పోయి, కంపచెట్ల మొదళ్లలో ఎండుగడ్డియు పుల్లలును ఎంత ఎత్తున చిక్కుకొనియున్నవో చూచెడివాడు. ఆ చెత్త నిలిచిన ఎత్తువరకు వంక ఒకనాడు వచ్చి పోయినదన్నమాట. దానికి పైన గాని బండి విప్పుటకు వీలులేదు. ఆ తరువాత చెట్టుక్రింద నిలిచి తలయెత్తి, ఎండుకొమ్మలను, తేనెతుట్టెలను వెదకెడివాడు. ఇంత చూచియు కాడి దించక, గూటిలోనికి తొంగిచూచి మా అవ్వను అడిగెడివాడు: "ఏమే, ఈడ నీకు సరిపోతాదా? నీల్లకు దూరం పోవల్ల, కాళ్లు పడ్తాయేమో సూడు."

అవ్వ సరే యన్న తరువాతనే ఎద్దుల మెడలు తేలికయయ్యెడివి.

ఆ ప్రశ్నకు మూలము ఎంత పాతదో పెద్దయినాక రామాయణము చదువుకొన్నప్పుడు తెలిసినది. అరణ్యకాండలో అగస్త్యుని మాట మీద పంచవటికి చేరిన రాముడు, ఆశ్రమమునకు తగిన చోటు వెదకుమని లక్ష్మణునికి చెప్పుచు మొట్టమొదట పెట్టిన నియమము, అక్కడ సీతయు నీవును నేనును సంతోషముగా నుండగలుగుట. నీరు దగ్గర నుండుట, సమిధలు, పూలు, దర్భలు దొరకుట అను మాటలు ఆ తరువాత వచ్చును. లక్ష్మణుడు ఎంచుట తన పని కాదని, చోటు చూపినచో కట్టుట తన పనియని విన్నవించుకొనగా, రాముడు తమ్ముని చేయి పట్టుకొనిపోయి గోదావరికి చేరువను, సమతలముగా నున్న నేలను స్వయముగా చూపెను. నీరుండవలెను, మిట్టపల్లములు లేని నేల కావలెను, వెంట వచ్చిన స్త్రీకి అక్కడ సుఖముగా నుండవలెను. ఇంతకంటె మంచి కొలతలు నేటి ఏ యాత్రాపుస్తకములోను నాకు కనబడలేదు. కుటుంబములో ఎంచువాడొకడు, కట్టువాడొకడు అయినప్పుడు ఎంచువాడు తన అభిరుచిని ప్రక్కనబెట్టి, చెప్పుకొనలేనివారి అవసరమును ముందుగా తలచుటయే పెద్దరికము.

నేను ఆ పెద్దరికమును ఒకసారి మరచినాను. పదునొకండ్రము టెంపో ట్రావెలరు ఒకటి మాట్లాడుకొని బయలుదేరితిమి. ఏటి ప్రక్కన వరుసగా గుడారములు, వాటిముందు దీపములు, వెనుక కొండ, అట్టి చిత్రమొకటి ఫోనులో చూచి నేనే ఆ బస కుదిర్చినాను. దారిలో భోజనమునకు ఒకచోట, పిల్లలు కోరిన దానికొకచోట ఆగి, చేరునప్పటికి రాత్రి ఎనిమిదిన్నర. ఏరున్న మాట నిజమే, గుడారములున్న మాటయు నిజమే. అయితే మరుగుదొడ్డి గుడారములకు నూటయేబది అడుగుల దిగువను, రాళ్లమెట్ల కడపట నున్నది. మెట్లకు చేతికమ్మి లేదు, దారికి దీపము లేదు. మా అమ్మకు అప్పటికి డెబ్బదియెనిమిదేండ్లు, మోకాళ్లు రెండును అరిగినవి. ఆమె ఆ మెట్లను ఒకసారి చూచినది, ఏమియు అనలేదు. మరునాటి ఉదయము మంచము మీదినుండి లేవబోయి తల తిరిగి కూలబడినది. నాలుక పిడచగట్టుకొనిపోయినది. ఏమైనదమ్మా యని అడిగినచో, "ఏం లేదులేరా అబ్బోడా, రాత్రి లేయల్లంటే బయమై నీల్లు తాగలేదు, అంతే" అన్నది. సాయంకాలము ఐదు గంటలనుండి ఆమె గుక్కెడు నీరు ముట్టలేదు. కరవుసీమనుండి నీళ్లున్న చోటని వెదకి తీసికొనిపోయినాను; ఏరు ప్రక్కనే పారుచుండగా మా అమ్మ ఆ రాత్రియంతయు దప్పికతో పడుకొన్నది.

ఇది మా అమ్మ ఒక్కతె అనుభవము కాదు. పెండ్లిండ్లకు, తిరునాళ్లకు, బస్సు ప్రయాణములకు బయలుదేరునప్పుడు మన ఆడవారు ముందుగా మానుకొనునది నీరు. వారు ఆ మాట చెప్పరు, మనము అడుగము. అందుచేత అడవిలో ఏ బసకైనను నేను పెట్టు మొదటి పరీక్ష ఇదియే: ఇంటిలోని పెద్దావిడ నిద్రపోవుముందు చెంబెడు నీళ్లు నిర్భయముగా త్రాగగలదా? త్రాగగలిగినచో ఆ బసలో తక్కిన లోటుపాటులను సర్దుకొనవచ్చును. త్రాగలేనిచో ఎన్ని జలపాతములు ఉన్నను అది మన కుటుంబమునకు తగినది కాదు.

ఈ పరీక్షను ఇంటినుండియే చేయవచ్చును, అడుగవలసినరీతిగా అడిగినచో. "సౌకర్యాలు బాగున్నాయా" యని అడిగినవానికి బాగున్నవనియే జవాబు వచ్చును. "దగ్గరే సార్" అను మాటను నమ్మరాదు. అడవిలో పనిచేయువానికి అర్ధక్రోశమును దగ్గరే. పడక నుండి మరుగుదొడ్డికి ఎన్ని అడుగులో, మెట్లు ఎన్నియో, కూర్చుండు పీట ఎట్టిదో, రాత్రి దీపము ఎంతవరకు ఉండునో, కరెంటు పోయినచో ఏమి చేయుదురో అడుగవలెను. వీలైనచో ఫోనులో నున్న మనిషిని మాట్లాడుచునే అక్కడినుండి ఇక్కడికి నడువుమని, అడుగులు లెక్కపెట్టుమని కోరవలెను. నేను ఇప్పుడు అట్లే కోరుచున్నాను, ఎవరును కోపగించుకొనలేదు. నడచి చెప్పినవాని బస ఎట్టిదో నడవక ముందే సగము తెలిసిపోవును. త్రాగునీరు బోరుబావిదా, ట్యాంకరుదా, సీసాలదా యని అడుగుట అనంతపురము వారికి నేర్పనక్కరలేదు. బోరులో నీరు ఎన్ని గంటలు వచ్చునో కూడ అడుగుదుము.

ఇక ఎక్కడికి పోవలెననునది. మా ప్రాంతములోనే నీడ కావలెనన్నచో కదిరికి పాతిక కిలోమీటర్ల దూరమున తిమ్మమ్మ మర్రిమాను కలదు. 1989లో గిన్నిసు పుస్తకమున కెక్కిన ఆ వటవృక్షము ఒక్కటే దాదాపు ఐదెకరముల నేలను కప్పుచున్నది. అయితే అది పగటి విడిదికి తగిన చోటు. పసిపిల్లలను ఊడల నడుమ ఆడనిచ్చి, అన్నము తిని, సాయంకాలమునకు మరలవలెను. అడవిరాత్రికి పిల్లలను అలవాటు చేయదలచినవారికి మొదటి మెట్టుగా నేను మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండను చెప్పుదును. దొర పేరు పడకముందు దానిని ఏనుగు మల్లమ్మ కొండ అనెడివారు. 1,265 మీటర్ల ఎత్తున చల్లనిగాలి, చుట్టును చెట్లు, గోడలును కప్పును గల గదులు, మదనపల్లె పట్టణము చేరువలో నుండుట, ఇవన్నియు ముసలివారికిని, పాలుత్రాగు పిల్లల తల్లులకును ధైర్యమునిచ్చును. అక్కడ ఏరు లేదని చిన్నబుచ్చుకొనువారికి నేను చెప్పునది, ఐదేండ్ల లోపు పిల్లలున్నప్పుడు ఏరు లేకుండుటయే ఒక సౌకర్యము.

తలకోన సంగతి వేరు. శ్రీవేంకటేశ్వర జాతీయవనములో, 270 అడుగుల ఎత్తునుండి దుముకు ఆ జలపాతమును చూచినప్పుడు కరవునేల మనిషికి కన్నీరు వచ్చుననుట అతిశయోక్తి కాదు, నాకు వచ్చినది. అయితే అక్కడ పాచిపట్టిన బండలు, అడుగు కానరాని మడుగులు కలవు. మన పిల్లలలో ఈత వచ్చినవారెందరు? చెరువులో నీరు నిలువని ఊళ్లలో పెరిగిన బిడ్డకు నీటి లోతును కంటితో అంచనా కట్టుట రాదు. మోకాటిలోతని తలచి నడుములోతుకు దిగును. కావున ఏటికి, జలపాతమునకు ప్రసిద్ధికెక్కిన చోటికి పోవునప్పుడు బసను నీటికి ఆనుకొని కాక, నీరు వినబడునంత దూరమున, కాని పిల్లవాడు ఒక్కడే నిద్రలేచి నడచిపోలేనంత దూరమున తీసికొనవలెను. కొండలలో ఎక్కడనో పైన వాన పడినచో మన నెత్తిన ఆకాశము తేటగా నుండగనే ఏరు పెరుగును. తేటనీరు ఉన్నట్టుండి ఎర్రబారినను, ఆకులు పుల్లలు కొట్టుకొనివచ్చినను, ఏటి సవ్వడి బరువెక్కినను, పాత్రలు ఏరుకొనుచు నిలువక పిల్లలను ఎత్తుకొని గట్టెక్కవలెను. ఎండిన ఏటి ఇసుక మెత్తగా, చదునుగా, పడకకు అనుకూలముగా కనబడును. పెన్నలోను చిత్రావతిలోను ఏడాది పొడుగున ఇసుకను చూచుటకు అలవాటుపడిన మనకు అది ఏటి పడకయను మాటయే మరపునకు వచ్చును.

గండికోటలో పెన్న లోయ అంచున గుడారములు వేసికొని ఉదయమును చూచుట ఇప్పుడు పరిపాటియైనది. ఆ దృశ్యము అపూర్వమైనదే. కాని అది అడవి కాదు, చెట్టునీడ కాదు. అంచుకు గోడ లేని చోట పరుగెత్తు ఈడు పిల్లలతో రాత్రి గడపుమని నేనెవరికిని చెప్పను. పిల్లలు పెద్దవారైనాక పోవచ్చును. మారేడుమిల్లి అడవులు అందమైనవే గాని, అనంతపురమునుండి రాష్ట్రము ఆ చివరకు పసివారితో పోవుట ప్రయాణమే యగును, విడిది కాదు.

నిజమైన అడవి కావలెనన్నవారికి నల్లమలయే. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యము విస్తీర్ణములో దేశమున అట్టివాటిలోకెల్ల పెద్దది. నంద్యాల–గిద్దలూరు దారిలోని పచ్చర్ల, ఆత్మకూరు అవతలి బైర్లూటి మొదలైనచోట్ల అటవీశాఖవారి ఏర్పాటున బసలు కలవు. చెంచు యువకులే వెంటవచ్చి దారి చూపుదురు. ఇక్కడ కాలమును, వేళను గట్టిగా పట్టించుకొనవలెను. జూలై మొదలు సెప్టెంబరు వరకు వానకాలపు మూడునెలలు అభయారణ్యములో విహారము నిలిపివేయుదురు. దోర్నాల–శ్రీశైలం దారిలో రాత్రి 9 గంటలకు గేటు పడినచో మరల ఉదయము 6 గంటలకు గాని లేవదు. ఫిబ్రవరి దాటినచో ఆకు రాలి, మేనాటికి కార్చిచ్చుల కాలము. అందుచేత అక్టోబరు కడపటినుండి జనవరి వరకు మనకు తగిన సమయము. అనంతపురమునుండి తెల్లవారుజామున బయలుదేరి, పొద్దు వాలకమునుపే బస చేరునట్లు లెక్కవేసికొనలేనిచో నంద్యాలలోనో ఆత్మకూరులోనో ఆ రాత్రి ఆగిపోవుట మేలు. మా తాత బారెడు పొద్దు నియమము టెంపో ట్రావెలరుకును వర్తించును.

ఆ అడవిలోనే పెద్దల విడిది విద్యకు జీవించియున్న నిదర్శనమొకటి కలదు. ఉగాదికి శ్రీశైలమునకు కర్ణాటకమునుండి వేలాది భక్తులు కాలినడకన వత్తురు. ఆత్మకూరు దాటి వేంకటాపురము, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారమునకు ఎక్కుదురు. ఆ పేర్లను మరల చదివి చూడుడు. చెరువు, కొలను. తరతరములుగా నడచినవారు ఆగినచోట్లు నీటి పేర్లతోనే నిలిచినవి. పాత విడుదులను అనుసరించువాడు చాలవరకు తప్పిపోడు.

వాహనము గూర్చి కొంత చెప్పవలెను. పడకలు, వంటగది, స్నానాలగది గల క్యారవానులు మనదేశమునను ఇప్పుడిప్పుడే తిరుగుచున్నవి. కేరళ ప్రభుత్వము 2021లో వాటికొరకే ఒక విధానము ప్రకటించి, వాగమన్ కొండలలో వాటిని నిలుపుటకు విడిది ఏర్పడునట్లు చేసినది. అమెరికాలో నున్న మన పిల్లలు అట్టి బండ్లు అద్దెకు తీసికొని సెలవులలో జాతీయవనములకు పోవుచుందురు. వారిని చూడవచ్చిన తల్లిదండ్రులును వెంటనుందురు. అక్కడివారు నేర్చుకొనవలసిన పాఠమొకటి, బండిలో అన్నియు ఉన్నంతమాత్రమున విడిదిలో అన్నియు ఉండవని. గ్రేట్ స్మోకీ పర్వతములలోని ప్రభుత్వ విడుదులలో సాధారణముగా కరెంటు తీగ తగిలించుకొను ఏర్పాటు గాని, నీటి గొట్టము గాని బండి దగ్గరకు రాదు. రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు నిశ్శబ్దము పాటింపవలెను. ఎలుగుబంటి భయమునకు తినుబండారములను బయట విడువరాదు. అమ్మకు రాత్రి నిద్రలో ఊపిరి యంత్రము పెట్టుకొనవలసియున్నచో కరెంటు తీగ ఉన్న విడిదినే వెదకి, నెలల ముందు కుదుర్చుకొనవలెను.

మనవైపు పెద్దబండి తీసికొనిపోవువారు బసవారిని మూడు సంగతులు అడుగవలెను: దారిపై వాలిన కొమ్మల ఎత్తు, బండి త్రిప్పుకొనుటకు గల జాగా, నిలుపు నేల స్వభావము. చదునో కాదో తెలిసికొనుటకు యంత్రములక్కరలేదు. బండి నిలిపినాక లోపల నేలమీద ఒక పళ్లెము పెట్టి, దానిలో సగమునకు నీళ్లు పోయవలెను. నీరు ఏ అంచుకు ఎక్కినదో అటువైపు చక్రముల క్రింద పలుగురాయి గాని, చెక్క గాని పెట్టి మరల చూడవలెను. ఈ చిన్నపని చేయకుండిన రాత్రి, పడుకొన్న పిల్లలందరు ఒకమూలకు జారి, తల్లి నిద్ర పాడగును.

పడకను గూర్చి మాత్రము నేను ఎవ్వరికిని సడలింపు నీయను. కట్లపాము రాత్రులయందు తిరుగునది. నేలమీద నిద్రించువారిని కరచును. కాటు నొప్పిగాని వాపుగాని అంతగా తెలియక, తెల్లవారునప్పటికి కనురెప్పలు వాలిపోవును. కావున నేలమీది పడక ఎంత మెత్తనిదైనను వద్దు. మంచమో, నేలకు ఎత్తైన పడకయో కావలెను, దోమతెరను పరుపు క్రిందికి దోపవలెను, ఉదయము చెప్పులు దులిపి తొడుగవలెను, రాత్రి టార్చి లేక అడుగు బయట పెట్టరాదు. గుడారమే అయినచో దాని జిప్పు పూర్తిగా మూసికొనుచున్నదో లేదో చేరగానే పెట్టి చూడవలెను. పాము కరచినచో కోయుట, పీల్చుట, బిగించి కట్టుట పనికిరావు. కరచిన అవయవమును కదలనీయక, విషమునకు విరుగుడు సూదిమందు గల ఆసుపత్రికి చేర్చవలెను. ఆ ఆసుపత్రి ఏ ఊరిలోనున్నదో, రాత్రి గేట్లు దాటి ఎట్లు పోవలెనో బస కుదుర్చుకొనునాడే అడుగవలెను. 108కి ఫోను చేయుదమన్నను నల్లమలలో చాలచోట్ల సిగ్నలు దొరకదు. వైర్‌లెస్సో, నిలిచియుండు వాహనమో బసలో ఉన్నదా యని అడుగుట పిరికితనము కాదు.

ఎలుగును గూర్చి మా కల్యాణదుర్గము, రాయదుర్గము వారికి నేను చెప్పవలసినది లేదు. సీతాఫలముల కాలమున అవి ఊరి అంచులకు వచ్చుట వారెరిగినదే. తీపి వాసన గల పండ్లను, మిగిలిన అన్నమును పడకచోట ఉంచరాదు. చలిమంట వేయుట పిల్లలకు ముచ్చటయే, కాని రిజర్వు అడవిలో నిప్పు పెట్టుట 1967 నాటి అటవీచట్టము ప్రకారము నేరము. బసవారు గుర్తించిన గుంటలో, వారి అనుమతితో వేసికొని, పడుకొనుముందు బూడిదలో చేయి పెట్టగలుగునంత చల్లారువరకు నీళ్లు పోయవలెను. పొగయు ఘాటైన అత్తరులును పెద్దతేనెటీగలను రేపును. పాటలపెట్టెను ఇంటిలోనే విడిచిరండు. ఆ చెంచు కుర్రవాడు ఒక్కసారి చేయి చాపి "సప్పుడు సెయ్యొద్దు" అన్నప్పుడు, మన పిల్లలు ఊపిరి బిగబట్టి దూరమున దుప్పి ఆకు కొరుకు చప్పుడును వినగలిగినచో, వారికి ఆ ప్రయాణములో అంతకంటె ఇవ్వదగినది వేరొకటి లేదు.

మరల పంచవటికి వచ్చెదను. అక్కడికి పోవుదారిలో రామునికి జటాయువు కనబడి, అన్నదమ్ములు ఇద్దరును బయటికి పోయినప్పుడు సీతను తాను కనిపెట్టుకొనియుందునని మాట ఇచ్చెను. చోటు మంచిదే, నీరు మంచిదే, పర్ణశాల గట్టిదే. ఆపద వచ్చినది ఇద్దరును ఒకేసారి ఆశ్రమము విడిచిన ఘడియలో. మాట ఇచ్చిన పక్షి రెక్కలు తెగి పడినది మా లేపాక్షిలోనేయని ఇక్కడివారి నమ్మకము. ఆ ఊరి పేరును ఆ కథతోనే చెప్పుకొందురు. లేపాక్షి గుడి చూపుటకు పిల్లలను తీసికొనిపోయినప్పుడెల్ల నాకు ఈ సంగతియే మనస్సున మెదలును. అడవివిడిదిలో పెద్దవారందరు ఒకేసారి సఫారీకి గాని, ఫొటోలకు గాని పోరాదు. పిల్లల దగ్గర ఎవరుండవలెనో పేరు పెట్టి చెప్పుకొనవలెను, గంటగంటకు మార్చుకొనవలెను. "అందరం ఉన్నాం కదా" అనుకొన్నచోట ఒక్కరును చూచుచుండరు. బసలో రాత్రి కావలి కాయు మనిషి ఉన్నాడా, అతడు ఎక్కడ కూర్చుండునో, పేరేమిటో సాయంకాలముననే తెలిసికొని, పిల్లలకును చూపవలెను.

మెట్ల బస తరువాత రెండేండ్లకు, జనవరిలో, మరల నల్లమల అంచుకు పోయినాము. ఈసారి చిత్రమును చూడలేదు. ఫోనులో అడుగులు లెక్కింపించినాను. పదునాలుగు అన్నాడు. చేరునప్పటికి నాలుగున్నర. గది చిన్నది, కిటికీలోనుండి కొండ కనబడదు, ఏరు అరక్రోశము అవతల. గడపకు ఒక్కటే మెట్టు. అమ్మ ఆ పదునాలుగడుగులను వెలుతురుండగనే రెండుసార్లు పోయివచ్చినది, గోడను చేతితో తడవుకొనుచు. రాత్రి అన్నములైనవి, పిల్లలు దోమతెరలలో దూరినారు, దూరమున ఏదో పిట్ట ఒకేమాట పలుమార్లు కూయుచుండెను. అమ్మ మంచము మీద కూర్చుండి కొంగుతో చేయి తుడుచుకొని, "ఆ సెంబు ఇట్లియ్యిరా" అన్నది.

నిండుగా నున్న చెంబును ఆమె ఎత్తి, ఆపకుండ, కడపటి చుక్కవరకు త్రాగినది.